చిట్టెలుక చెప్పిన సంగతి



ఈ నెల మేము ముందుగా ఒక తప్పు ఒప్పుకోవలసి ఉన్నది. ఈ ఆరోగ్య శీర్షికలో ఇన్నాళ్ళుగా షుగరు గురించి వ్రాశాము, బీపీ గురించి వ్రాశాము, మలేరియా, పాముకాటు, పసిపిల్లల విరేచనాలు, అన్నీ వ్రాశాము. స్త్రీల రొమ్ములో వచ్చే గడ్డ గురించి మాత్రము ఒక్కసారి కూడా వ్రాయలేదు. ఇంటిల్లిపాదీ కూర్చొని చదువుకునే పత్రిక గదా, ఆ మాట ఎట్లా వ్రాయడమని సంకోచించాము. ఆ సంకోచము ఎంత పని చేస్తుందో జి.కొండూరు వెళ్ళినప్పుడు మాకు తెలిసివచ్చింది.

అవి మామిడికాయలు కోతకు వచ్చిన రోజులు. ఆ మండలములోని ఒక ఊరిలో స్త్రీల కూడిక జరిగింది. కూడిక ముగిసి భోజనాలైన తరువాత, యాభై అయిదేళ్ళు దాటిన ఒక సహోదరి మాతో వచ్చిన పాస్టరమ్మగారి చెయ్యి పట్టుకొని ప్రక్కకు తీసుకొని వెళ్ళింది.

"అమ్మగారూ, ఒక్క మాటండి. ఎవరితో అనమాకండి. రొమ్ములో గడ్డ తగులుతా ఉంది."

"ఎన్నాళ్ళయింది తల్లీ?"

"పోయిన పత్తి తీతలప్పుడు చూసుకున్నానండి. నొప్పి లేదు గదా అని ఊరుకున్నాను. మగపిల్లలకు ఏమని చెప్పుకోను? మా అమ్మ కూడా ఇదే జబ్బుతో పోయింది. మా ఇంటి మీద ఏ శాపముందోనండి."

పత్తి తీతల నుండి మామిడికాయల వరకు లెక్క వేసి చూడండి. ఎనిమిది నెలలు.

ఆ సాయంత్రమే విషయము ఆమె కుమారునికి చెప్పవలసివచ్చింది. అతడు మైలవరములో డిగ్రీ చదువుతున్నాడు. మమ్మల్ని బస్సు ఎక్కించడానికి రోడ్డు వరకు వచ్చి, చాలాసేపు మాట్లాడకుండా నిలబడి, చివరకు అడిగాడు: "అయ్యగారూ, మా పుస్తకములో నాకౌట్ ఎలుకలని ఒక పాఠముంది. ఎలుకలో ఒక జన్యువు తీసేస్తే కేన్సరు ఎట్లా పుడుతుందో తెలుస్తుందంట. ఎలుకకీ మా అమ్మకీ ఏమిటండి సంబంధం?"

తల్లి అడిగినది ఒక ప్రశ్న, కొడుకు అడిగినది ఒక ప్రశ్న. ఆ రోజు మేము రెంటికీ సరిగా జవాబు చెప్పలేకపోయాము. ఆ తరువాత తెలిసినవారిని అడిగి, చదివి తెలుసుకున్నది ఈ నెల మీ ముందు పెడుతున్నాము. రెండు ప్రశ్నలకూ జవాబు ఒక్కటేనని చివరకు మాకు అర్థమైనది.

ఒకటి రెండగుట

మనలో ప్రతివాడు తల్లి గర్భములో ఒకే ఒక్క కణముగా మొదలైనాడు. ఆ ఒకటి రెండయింది, రెండు నాలుగైనవి, నాలుగు ఎనిమిదైనవి. ఈ రోజు మన ఒంటిలో 30 లక్షల కోట్లకు పైగా కణాలున్నాయి. పెద్దవారమైన తరువాత కూడా ఈ పని ఆగదు. ఎముకల లోపలి మూలుగలో ప్రతి సెకనుకు 20 లక్షలకు పైగా ఎర్ర రక్తకణాలు తయారవుతుంటాయి. పేగుల లోపలి పొర నాలుగైదు రోజులకు ఒకసారి కొత్తది అవుతుంది.

గడ్డి కోస్తుంటే కొడవలి తగిలి వేలు తెగిందనుకోండి. చుట్టుప్రక్కల చర్మపు కణాలు విభజన చెంది ఆ సందును పూడుస్తాయి. వారము పది రోజులకు గాయము మానుతుంది. గాయము మానినందుకు మనము సంతోషిస్తాము. అయితే మానిన తరువాత ఆ కణాలు ఇక పెరగకుండా ఆగిపోయినాయే, ఆ సంగతి ఎప్పుడైనా ఆలోచించామా? అవి ఆగకపోతే వేలి మీద కొండ లేచేది. పెరగడము ఎంత అవసరమో వేళకు ఆగడము కూడా అంతే అవసరము. ఆ ఆగడము తప్పిపోయిన దానినే కేన్సరు అంటారు.

మరి ఎప్పుడు పెరగాలో ఎప్పుడు ఆగాలో కణానికి చెప్పేది ఎవరు? ప్రతి కణములో 300 కోట్ల అక్షరాలతో వ్రాసిన ఒక గ్రంథము ఉన్నది. అందులో సుమారు 20 వేల అధ్యాయాలు. ఒక్కొక్క అధ్యాయమును జన్యువు అంటారు. ఒక్కొక్క జన్యువు ఒక్కొక్క పనివానిని తయారు చేయిస్తుంది. ఆ పనివారిలో కొందరి పని కణ విభజనను నడిపించడము, కొందరి పని దానిని ఆపడము. రొట్టెను పొంగించే ఈస్టు మీద, సముద్రములోని ముళ్ళ జీవి గ్రుడ్ల మీద ప్రయోగాలు చేసి వీరిని మొదట కనుగొన్న హార్ట్‌వెల్, నర్స్, హంట్ అనే ముగ్గురు శాస్త్రవేత్తలకు 2001లో నోబెల్ బహుమతి వచ్చింది.

వెలగలేరు గేట్లు

ఇది జి.కొండూరు వారికి మేము వేరే చెప్పనక్కరలేదు. బుడమేరు మీద వెలగలేరు రెగ్యులేటరు వారి మండలములోనే ఉన్నది. గేట్లు దించితే నీరు మళ్ళింపు కాలువలో పడి కృష్ణలో కలుస్తుంది. గేట్లు ఎత్తితే బుడమేరు పాత దారిన విజయవాడ వైపు పోతుంది. 2024 సెప్టెంబరు మొదటి రోజులలో ఏమి జరిగిందో అందరికీ తెలుసు. వాన ఆగలేదు, గేట్లు ఎత్తవలసివచ్చింది, మళ్ళింపు కాలువ గట్టుకు గండ్లు పడ్డాయి, విజయవాడ సింగ్‌నగర్ వైపు ఇళ్ళు నీట మునిగినాయి. నీరు మంచిదే. నీరు లేక పైరు లేదు. అదే నీరు హద్దు మీరితే ఇల్లు ఉండదు.

కణములో కూడా ఇటువంటి ఒక గేటు ఉన్నది. దానిని ఆర్‌బీ అంటారు. ఆ గేటు దించి ఉన్నంతసేపు కణము రెండు కాదు. గేటు ఎత్తడానికి ఒక లస్కరు ఉన్నాడు. అతని పేరు సీడీకే4. లస్కరు వట్టి చేతులతో గేటు ఎత్తలేడు, తిప్పడానికి పిడి కావాలి. ఆ పిడి పేరు సైక్లిన్ డీ1. ఇక లస్కరు చెయ్యి పట్టుకొని "ఇప్పుడు వద్దు, ఆగు" అని చెప్పే పై అధికారి ఒకడున్నాడు. అతని పేరు పీ16. పేర్లు మరచిపోయినా ఫరవాలేదు. గేటు, లస్కరు, పిడి, అధికారి అని గుర్తు పెట్టుకోండి.

ఇంతవరకు గాజు గిన్నెలలో పెంచిన కణాల వలన తెలిసింది. కాని గిన్నెలో కణము వేరు, గుండె కొట్టుకుంటూ, పిల్లలను కంటూ, ముసలితనానికి వచ్చే ఒక జీవి వేరు. బ్రతికియున్న జీవిలో ఆ లస్కరు నిజముగా ఏమి చేస్తున్నాడో తెలుసుకోవడము ఎట్లా? ఒక దారి ఉన్నది. ఆ లస్కరు లేకుండా చేసి, ఏమి జరుగుతుందో చూడడమే.

నాకౌట్ అంటే ఏమిటి?

మన ఊళ్ళలో సంక్రాంతి సెలవులకు నాకౌట్ కబడ్డీ పోటీలు పెడతారు. ఓడిన జట్టు ఇక ఆటలో ఉండదు. అదే మాట ఇక్కడ వాడారు. 20 వేల జన్యువులలో ఒక్కదానిని ఆట నుండి తప్పించిన చిట్టెలుకను నాకౌట్ ఎలుక అంటారు.

చిట్టెలుకే ఎందుకు? మన జన్యువులలో నూటికి 99కి సాటివచ్చేవి ఎలుకలో ఉన్నాయని 2002లో ఎలుక జన్యు గ్రంథమును చదివినప్పుడు తేలింది. పైగా అది 20 రోజులకే ఈనుతుంది, పిల్ల రెండు నెలలు తిరగకుండానే ఎదుగుతుంది. తాత, కొడుకు, మనుమడు, మూడు తరాలను ఒక సంవత్సరములోనే చూడవచ్చును.

పద్ధతి ఇది. మూడు నాలుగు రోజుల ఎలుక పిండము నుండి కణాలను తీసి గిన్నెలో పెంచుతారు. ఈ కణాలు ఏ అవయవముగానైనా మారగలవు. వాటిలోనికి, కావలసిన జన్యువుకు అచ్చము పోలియుండి మధ్యలో చెడగొట్టిన ఒక ప్రతిని పంపుతారు. ఎక్కడో లక్షలలో ఒక కణములో ఆ చెడిన ప్రతి మంచి ప్రతి స్థానములో కూర్చుంటుంది. ఆ కణాన్ని ఏరి, మరొక ఎలుక పిండములో చేర్చి, తల్లి ఎలుక గర్భములో పెడతారు. పుట్టిన పిల్లకు రెండు రంగుల వెంట్రుకలుంటే పని సగము జరిగినట్లే. దాని సంతానములో తల్లి నుండి ఒక చెడిన ప్రతి, తండ్రి నుండి ఒక చెడిన ప్రతి వచ్చిన పిల్లలు నాలుగింటికి ఒకటి చొప్పున పుడతాయి. అదే నాకౌట్ ఎలుక. మొదటివి 1989లో పుట్టాయి. ఇప్పుడైతే క్రిస్పర్ అనే కొత్త పద్ధతితో ఇంతకంటే త్వరగా చేస్తున్నారు.

ఈ పద్ధతిని కనుగొన్న ముగ్గురిలో ఒకరైన మారియో కపెచ్చి జీవితము మన పిల్లలు వినదగినది. 1937లో ఇటలీలో పుట్టిన ఆయన యుద్ధకాలములో తల్లికి దూరమై, చిన్నతనములోనే వీధులలో ఆకలితో తిరిగాడు. తొమ్మిదవ పుట్టినరోజున తల్లి ఆయనను ఒక ఆసుపత్రిలో కనుగొన్నది. అమెరికా వెళ్ళేనాటికి బడి అంటే తెలియదు. 1980లో ఈ ప్రయోగానికి డబ్బు కావాలని అడిగితే, ఇది జరిగే పని కాదు, మానుకొమ్మన్నారు. ఆయన మానలేదు. నాలుగేళ్ళకు అదే సంస్థవారు, మా మాట వినకపోవడమే మంచిదయిందని ఒప్పుకున్నారు. 2007లో మార్టిన్ ఇవాన్స్, ఆలివర్ స్మిథీస్ గార్లతో పాటు ఆయనకు నోబెల్ బహుమతి వచ్చింది.

ఉస్మానియా నుండి ఫిలడెల్ఫియాకు

ఇప్పుడు మన లస్కరు సంగతికి వద్దాము. ఈ కథలో మన హైదరాబాదు వాసన కూడా ఉన్నది. ఉస్మానియా విశ్వవిద్యాలయములో డాక్టరేటు పొంది అమెరికా వెళ్ళిన ఇ.ప్రేమ్‌కుమార్ రెడ్డి గారు, స్పెయిన్ దేశస్థుడైన మరియానో బార్బసిడ్ గారు 1982లో ఒక గొప్ప విషయము కనుగొన్నారు. మూత్రాశయపు కేన్సరు నుండి తీసిన కణములో రాస్ అనే జన్యువును వరుసగా చదివితే, మంచి కణానికీ కేన్సరు కణానికీ తేడా ఒక్క అక్షరము. ఒక్క అక్షరమే! అదే సంవత్సరము మరి రెండు ప్రయోగశాలల వారు కూడా ఇదే కనుగొన్నారు.

అదే ఇద్దరు పదిహేడేళ్ళ తరువాత, 1999లో, తమ సహచరులతో కలిసి సీడీకే4 లేని ఎలుకల సంగతి ప్రకటించారు. అప్పుడు రెడ్డి గారు ఫిలడెల్ఫియాలోని టెంపుల్ విశ్వవిద్యాలయములో పని చేస్తున్నారు. గేటు ఎత్తే లస్కరు లేకపోతే ఎలుక పుట్టనే పుట్టదని చాలామంది అనుకున్నారు. కాని పుట్టింది, తిరిగింది. అయితే పొట్టిగా ఉన్నది. సంతానము కలుగలేదు. ఇంకొకటి ఎవరూ ఊహించనిది, దానికి షుగరు వచ్చింది. కడుపులో క్లోమగ్రంథిలో ఇన్సులిన్ తయారు చేసే కణాలు తగినన్ని పెరగలేదు. తరువాత ఆ కణాలలో జన్యువును తిరిగి పని చేయించినప్పుడు షుగరు సర్దుకున్నది.

ఆ శాస్త్రవేత్తలు అంతటితో ఆగలేదు. మరొక రకము ఎలుకలను కూడా తయారు చేశారు. వీటిలో లస్కరు ఉన్నాడు గాని, పై అధికారి అతని చెయ్యి పట్టుకునే చోట ఒక చిన్న మార్పు చేశారు. ఇక అధికారికి పట్టు దొరకదు. ఈ మార్పు వారు కల్పించినది కాదు, ఒక రకము చర్మ కేన్సరు వచ్చిన మనుష్యులలో అంతకుముందే కనబడినదే. ఈ ఎలుకలలో ఇన్సులిన్ కణాలు మితిమీరి పెరిగినాయి. వయసు వచ్చేకొలది ఒంటిలో పలుచోట్ల కంతులు లేచినాయి.

చూశారా? జన్యువు ఒక్కటే. అది లేకపోతే తక్కువై షుగరు, దానికి అదుపు లేకపోతే ఎక్కువై కంతి. మన ఊళ్ళలో కనబడే షుగరంతా ఈ జన్యువు వలన వచ్చిందని కాదు. మంచి జన్యువు, చెడ్డ జన్యువు అని విడివిడిగా లేవని, వేళకు ఎత్తి వేళకు దించడములోనే ఆరోగ్యమున్నదని ఆ చిట్టెలుకలు చూపించాయి.

మరి లస్కరు లేకపోయినా ఎలుక ఎట్లా బ్రతికింది? అతనికి సీడీకే6 అనే తమ్ముడున్నాడు. అన్న లేనప్పుడు చాలా అవయవాలలో తమ్ముడు పని చూసుకుంటాడు. 2004లో అన్నదమ్ములిద్దరూ లేని ఎలుకలను చేసి చూస్తే, అవి రక్తము చాలక పుట్టకముందే చనిపోయినాయి. గేటే లేని ఎలుకలు, అంటే ఆర్‌బీ లేనివి, 1992లోనే తయారైనాయి. అవి కూడా గర్భములోనే చనిపోయినాయి. అదే సంవత్సరము పీ53 అనే కాపలా జన్యువు లేని ఎలుకలను చేశారు. అవి చక్కగా పుట్టి, చక్కగా పెరిగి, ఆరు నెలలు తిరిగేసరికి చాలావాటికి కేన్సరు గడ్డలు వచ్చినాయి.

ఎలుక నుండి మాత్ర వరకు

ఇక ఆ అబ్బాయి తల్లి జబ్బుకు వద్దాము. రొమ్ము కేన్సరులో చాలాసార్లు ఆ పిడి, అంటే సైక్లిన్ డీ1, ఉండవలసినదానికంటే ఎక్కువగా ఉంటుంది. 1995లో ఆ పిడి లేని ఎలుకలను తయారు చేశారు. అవి బ్రతికాయి. 2001లో ఆ ఎలుకలలో రొమ్ము కేన్సరు తెప్పించే జన్యువులను పెట్టి చూస్తే, కొన్ని రకముల కేన్సరు వాటికి రాలేదు. 2006లో లస్కరు లేని ఎలుకలలో కూడా అటువంటి ఫలితమే వచ్చింది. దీనినిబట్టి ఒక ఆశ కలిగింది. లస్కరు లేకపోయినా శరీరము చాలావరకు నడుస్తుంది, కాని ఆ కేన్సరు నడవదు. అయితే లస్కరు చెయ్యి కట్టివేసే మందు ఉంటే?

అటువంటి మందుపై అప్పటికే పని జరుగుతూ ఉన్నది. పాల్బోసిక్లిబ్ అనే మాత్రను, హార్మోనుల వలన పెరిగే ముదిరిన రొమ్ము కేన్సరుకు 2015లో అమెరికాలో అనుమతించారు. 2016లో ప్రకటించిన పరీక్షలో, హార్మోను మాత్ర ఒక్కటే వాడినవారిలో జబ్బు మళ్ళీ పెరగడానికి పట్టిన కాలము సగటున 14.5 నెలలైతే, రెండూ కలిపి వాడినవారిలో 24.8 నెలలు పట్టింది. ఇది జబ్బును పూర్తిగా పోగొట్టే మందు కాదు, అడ్డుకట్ట వేసే మందు. రక్తములో తెల్లకణాలు తగ్గుతాయి గనుక తరచు రక్తపరీక్ష చేయించాలి. మొదట దీని ధర పేదవారు వినగలిగినది కూడా కాదు. 2023లో మన దేశములో దాని పేటెంటు ముగిసి, ఇక్కడి కంపెనీల మాత్రలు వచ్చిన తరువాత ధర బాగా తగ్గింది.

ఎలుకలో పని చేసినదంతా మనిషిలో పని చేస్తుందనుకోరాదు. ప్రేమ్‌కుమార్ రెడ్డి గారి ప్రయోగశాలలో పుట్టిన రిగోసెర్టిబ్ అనే మందు ఎన్నో ఏళ్ళ శ్రమ తరువాత, మూలుగ జబ్బు రోగుల మీద చేసిన పెద్ద పరీక్షలో 2020లో ఆశించిన ఫలమివ్వలేదు. ఇటువంటి ఓటములు ఈ దారిలో చాలా ఉన్నాయి.

అయితే ఒక ప్రాణిని ఇట్లా బాధపెట్టవచ్చునా అని కొందరు అడుగుతారు. అడగవలసిన ప్రశ్నే. నోరులేని జీవముల యెడల కనికరము చూపుమని మనకు నేర్పబడియున్నది. మన దేశములో 1960 నాటి జంతుహింస నివారణ చట్టము క్రింద, నైతిక సంఘము అనుమతి లేకుండా ఇటువంటి ప్రయోగము చేయరాదు. ఎలుక లేకుండా తెలుసుకోగలిగితే ఎలుకను వాడరాదు, వాడితే తక్కువ వాటిని వాడాలి, వాడిన వాటికి బాధ తగ్గించాలి అన్నది ఆ నియమాల సారము. మన పిల్లల మందుల సీసాల వెనుక ఈ చిన్న ప్రాణుల ఋణము ఉన్నదని మరువకుండుట మంచిది.

ఇది శాపమా?

ఇప్పుడు ఆ తల్లి ప్రశ్న. మా ఇంటి మీద ఏ శాపముందోనన్నది ఆమె మాట.

ఆ పీ53 లేని ఎలుకలను ఒకసారి తలచుకోండి. ఒకే తల్లి కడుపున పుట్టిన పిల్లలు. ఒకే బోను, ఒకే మేత, ఒకే నీరు. వాటిలో ఒకదానికి ఆరు నెలలకు గడ్డ లేస్తుంది, ప్రక్కనే పడుకున్న దాని తోబుట్టువుకు లేవదు. తేడా ఒక్క జన్యువు. ఆ చిట్టెలుక ఏ పాపము చేసింది? ఏ శాపము తగిలింది? ఏమీ లేదు. గ్రంథములో ఒక అధ్యాయము చెడింది, అంతే.

మనిషిలో కూడా అంతే. కణము రెండయినప్పుడెల్లా ఆ గ్రంథమంతా తిరిగి వ్రాయబడాలి. ఎంత జాగ్రత్తగా వ్రాసినా ఎక్కడో ఒక అక్షరము తప్పుతుంది. చాలా తప్పులను కణమే దిద్దుకుంటుంది. కొన్ని మిగిలిపోతాయి. వయసు పెరిగేకొలది అవి కూడుతాయి. పొగాకు, సారా వాటిని పెంచుతాయి. రొమ్ము కేన్సరులో నూటికి 5 నుండి 10 వరకు మాత్రమే తల్లిదండ్రుల నుండి వచ్చిన చెడిన జన్యువు వలన కలిగేవి. మిగిలినవి బ్రతుకులో మధ్యలో వచ్చిన తప్పులే. తల్లి నుండి వచ్చినా అది తల్లి నేరము కాదు, బిడ్డ నేరము కాదు.

పుట్టు గ్రుడ్డివానిని చూచి, వీడు పాపము చేశాడా, వీని కన్నవారు చేశారా అని శిష్యులు అడిగిన సంగతి మన పాఠకులకు తెలుసు. ప్రభువు ఇద్దరినీ నిర్దోషులని చెప్పిన సంగతి కూడా తెలుసు. తెలిసి కూడా, మన సంఘములో ఎవరికైనా పెద్ద జబ్బు వస్తే ఆ ఇంట ఏమి జరిగిందోనని గుసగుసలాడేది మనమే. ఆ గుసగుసలకు భయపడే ఆ తల్లి ఎనిమిది నెలలు నోరు మూసుకున్నది. జబ్బు అంటే భయము కంటే మన మాటలంటే భయము ఎక్కువైనది. ఇందులో మా పత్రిక మౌనానికి కూడా భాగమున్నది.

మన ఇంట్లో చేయవలసినది

మన దేశములో స్త్రీలకు వచ్చే కేన్సర్లలో రొమ్ము కేన్సరుదే మొదటి స్థానము. గడ్డ తగిలినంత మాత్రాన అది కేన్సరని కాదు, ఎక్కువ గడ్డలు కేన్సరు కావు. అది తేల్చవలసింది డాక్టరు, మనము కాదు. నొప్పి లేదని ఊరుకోవద్దు. కేన్సరు గడ్డకు మొదట నొప్పి ఉండకపోవడమే ఎక్కువ.

నెలకు ఒకసారి స్నానము చేసేటప్పుడు చేతితో తడిమి చూసుకోండి. క్రొత్తగా గడ్డ, చంకలో బిళ్ళ, చర్మము లోపలికి గుంట పడుట, మొన లోపలికి పోవుట, రక్తము కారుట, వీటిలో ఏది కనబడినా ఆ వారములోనే ఆసుపత్రికి వెళ్ళండి. తల్లికి గాని అక్కచెల్లెళ్ళకు గాని ఈ జబ్బు వచ్చి ఉంటే ఆ మాట డాక్టరుకు ముందే చెప్పండి. 2007లో ఆరోగ్యశ్రీగా మొదలై ఇప్పుడు ఎన్టీఆర్ వైద్య సేవ అని పిలుస్తున్న పథకములో కేన్సరు వైద్యము ఉన్నది. కార్డు వెంట తీసుకొని వెళ్ళండి.

చిన్నపిల్లలున్నవారికి ఒక మాట. పైన చెప్పిన ఆ గేటు, ఆర్‌బీ, కంటి లోపలి పొరలో చెడితే పసిపిల్లల కంటిలో కేన్సరు వస్తుంది. ఫోటో తీసినప్పుడు గాని దీపము వెలుగులో గాని పాప నల్లగ్రుడ్డులో తెల్లని మెరుపు, పిల్లి కన్నులాగా కనబడితే ఒక్క రోజు కూడా ఆగవద్దు. విజయవాడ ప్రక్కన తాడిగడపలోని ఎల్.వి.ప్రసాద్ కంటి ఆసుపత్రి వంటి చోటికి తీసుకొని వెళ్ళండి. త్వరగా వెళితే ప్రాణము, చాలాసార్లు చూపు కూడా దక్కుతాయి.

మగవారికి ఒక మాట. మీ భార్య, మీ తల్లి ఈ విషయము మీతో చెప్పుకోగలిగేటట్లు మీరు ఉన్నారా? జి.కొండూరు నుండి విజయవాడకు బస్సులో గంట ప్రయాణము. ఆ సహోదరికి ఆ గంట దూరము ఎనిమిది నెలలు పట్టింది. దూరము రోడ్డులో లేదు.

ఆమె సంగతి చెప్పి ముగిస్తాము. ఆ వారములోనే కొడుకు ఆమెను విజయవాడ తీసుకొని వెళ్ళాడు. పరీక్షలన్నీ అయిన తరువాత, జబ్బు వెన్నెముకకు చేరిందని డాక్టర్లు చెప్పారు. ముందే వచ్చి ఉంటే ఆపరేషనుతో పోయేదేమోనని కూడా చెప్పారు. ఆమెది హార్మోనుల వలన పెరిగే రకము. ఇప్పుడు లస్కరు చెయ్యి కట్టే ఆ మాత్రనే వాడుతున్నది. మూడు వారాలు వేసుకొని ఒక వారము ఆపాలి. పూర్తిగా నయమవుతుందని ఎవరూ చెప్పలేదు. అదుపులో ఉన్నదని చెప్పారు. నడుము నొప్పి తగ్గి, మళ్ళీ ఆదివారము గుడికి నడిచి వస్తున్నది. కుమార్తెను కూడా తీసుకొని వెళ్ళి చూపించారు. ఆమెకు ఏమీ లేదు.

ఈ సంగతి పత్రికలో వ్రాయవచ్చునా అని అడగడానికి మేము వెళ్ళినప్పుడు ఆమె వాకిట్లో చింతపండు గింజ తీస్తూ కూర్చున్నది. కొడుకు ఆమెకు ఎలుకల కథంతా అప్పటికే చెప్పాడట. చాలాసేపు గింజలు తీస్తూనే ఉండి, తలెత్తకుండా అన్నది:

"రాయండి బాబూ. నా పేరు మాత్రం వద్దు. శాపం కాదంట అని రాయండి. ఎనిమిది నెలలు ఊరుకున్నానని కూడా రాయండి."

రెండూ వ్రాశాము. ఈ పుట చదివి ప్రక్కన పెట్టకుండా, చదువురాని మీ అత్తగారికి, పిన్నిగారికి, ప్రక్కింటి అక్కగారికి చదివి వినిపించండి.